చక్రం మీద చెయ్యి

"పంతొమ్మిది," అంది వదిన. హెడ్‌ఫోన్ల డబ్బా బల్ల మీద బోర్లించింది. మాత్రలు దొర్లుకుంటూ వెళ్ళి, పాటలు కలిపే డీజే మిషన్ అంచున ఆగాయి. "రోజుకొకటి లెక్కన పంతొమ్మిది రోజులు. ఏమండీ, మిమ్మల్నే."

అన్నయ్య తల ఎత్తలేదు. మెత్తటి గుడ్డతో మిషన్ చక్రాన్ని తుడుస్తున్నాడు. తుడిచిందే తుడుస్తున్నాడు.

"డబ్బా నువ్వెందుకు తెరిచావు?"

"దుమ్ము దులుపుతుంటే గలగలమంది. హెడ్‌ఫోన్లు గలగలమనవు కదా."

"చెప్దామనే అనుకున్నాను."

"ఎప్పుడు? ఇరవయ్యోది కూడా ఇందులో వేశాకా?"

చంకలో లాప్‌టాప్‌తో అప్పుడే లోపలికొచ్చిన పిచ్చుక గుమ్మంలోనే ఆగిపోయింది. చిన్నప్పుడు అన్నయ్య చెల్లెలికి పెట్టిన పేరది. ఆమెకు ముప్ఫై ఒకటి దాటినా, ఆఫీసులో పదిమంది ఆమె రాసిన ప్రోగ్రాములకు తలలూపుతున్నా, ఈ ఇంట్లో ఇంకా పిచ్చుకే. ఇంటి చూరు కింద ఉండేవాళ్ళకు ఇంతకన్నా పెద్ద హోదా దొరకదు.

"నాకు వణుకు తగ్గిపోయిందే," అన్నాడు అన్నయ్య, ఈసారి తలెత్తి. "తగ్గిన జబ్బుకి మందెందుకు? అవి మింగితే పొద్దస్తమానం మగత. పాట చెవిలో పడుతుంది కానీ లోపలికి దిగదు. రెండు నెలల్నుంచి చూస్తూనే ఉన్నావుగా, ఒక్కసారైనా పాట జారిందా? పిచ్చుకా, నువ్వు చెప్పు. జారిందా?"

ఇద్దరూ ఆమె వైపు చూశారు.

"లేదన్నయ్యా," అంది పిచ్చుక.

అది అబద్ధం కాదు. పాట ఒక్కసారి కూడా జారలేదు. ఎందుకు జారలేదో ఆ ఇంట్లో ఆమె ఒక్కదానికే తెలుసు.

"జారకపోతే ఇదేంటి?" వదిన బల్ల మీది సాసరు ఎత్తి చూపించింది. "పొద్దున సగం కప్పే పోశాను. అందులో సగం ఇందులో ఉంది."

"కప్పు వేడిగా ఉంది."

"నెల కిందట కూడా వేడిగానే ఉండేదండీ."

అన్నయ్య గుడ్డ మడిచి పక్కన పెట్టాడు. "ఐదింటికి ఫంక్షన్ హాలాయన ఫోన్ చేస్తాడు. ఆదివారం ఎవరిదో పాతికేళ్ళ పెళ్ళిరోజట. వస్తానని చెప్పేస్తున్నాను. హాలు మొహం చూసి ఎనిమిది నెలలైంది. ఆ రోజు అంతమంది ముందు పాట తడబడితే నా చెయ్యే అనుకున్నాను. తీరా చూస్తే తప్పు ఆ పాత సాఫ్ట్‌వేర్‌ది. పిచ్చుక కొత్తది పెట్టింది, పీడ వదిలింది. ఇక దీని మీద మాటల్లేవు."

వదిన మాత్రలన్నీ ఏరి కొంగులో వేసుకుని వంటింట్లోకి నడిచింది. ఆమె అరిచినప్పటికన్నా అరవనప్పుడే పిచ్చుకకు భయం.

*

వంటింట్లో కుళాయి కారుతోంది. వదిన దాన్ని కట్టలేదు.

"తలుపు దగ్గరకి వెయ్యి," అంది. "ఇప్పుడు చెప్పు. 'లేదన్నయ్యా' అన్నప్పుడు నీ మొహం తేలుకుట్టిన దొంగలా ఉంది. ఏం చేశావు?"

ఏం చేసిందో చెప్పడం పిచ్చుకకు అంత తేలిక కాలేదు. మీటలూ అంకెలూ అంటే వదినకు చిరాకు. అయినా మొదట్నుంచీ చెప్పింది.

అన్నయ్య మిషన్ పన్నెండేళ్ళ నాటిది. రెండు చక్రాలు, యాభై నాలుగు మీటలు. చేసిన కంపెనీ ఎప్పుడో దుకాణం కట్టేసింది. దానితో వచ్చిన సాఫ్ట్‌వేర్ పాత కంప్యూటర్‌తోపాటే పోయింది, కొత్తదాంట్లో తెరుచుకోనంది. అప్పటికే హాలుకు వెళ్ళడం మానేసి మూలన కూర్చున్న మనిషికి ఆ మిషన్ కూడా మూగబోతే ఎలా అని పిచ్చుక వెతికింది. ఒక ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్ దొరికింది. ముక్కూమొహం తెలియనివాళ్ళు తలో చెయ్యీ వేసి రాసుకున్నదది. ఎవరైనా ఊరికే దించుకోవచ్చు, తప్పుంటే ఎవరైనా దిద్దవచ్చు. వందల రకాల మిషన్లు దానికి తెలుసు. అన్నయ్య మిషన్ ఒక్కటే తెలియదు. ఏ మీట నొక్కితే ఏం చెయ్యాలో దానికి నేర్పే ఫైలు ఎవరో ఒకరు రాయాలి. పిచ్చుక రాయడానికి కూర్చుంది.

అందుకు ఇద్దరు కావాలి. అన్నయ్య మీట నొక్కేవాడు. తెర మీద ఏ అంకె వస్తే అది పిచ్చుక నోట్‌బుక్‌లో రాసుకునేది. రెండు ఆదివారాలు అన్నాచెల్లెళ్ళు ఆ గదిలోంచి బయటికి రాలేదు. చిన్నప్పుడు కూడా అంతసేపు కొట్టుకోకుండా ఎప్పుడూ కూర్చోలేదు వాళ్ళు.

మీటలు అయ్యాక చక్రాలు. చక్రం ఒక్క పిసరు ముందుకు తిరిగితే అరవై ఐదు వస్తుంది, వెనక్కి తిరిగితే అరవై మూడు.

"చెయ్యి పెట్టాను," అన్నాడు అన్నయ్య ఆ రోజు, చక్రం వైపే చూస్తూ. "ఇంకా తిప్పలేదు. తిప్పాల్సినప్పుడు చెప్పు."

పిచ్చుక తెర వైపు చూస్తోంది. తెర మీద అరవై ఐదు, అరవై మూడు, అరవై ఐదు, అరవై మూడు. ఒకదాని కింద ఒకటి, గుక్క తిప్పుకోకుండా.

"ఏమైనా వచ్చిందా?" అని అడిగాడు.

"లేదన్నయ్యా. ఇంకా రాలేదు," అంది పిచ్చుక.

ఆ సాయంత్రమే ఆమె ఫైల్లో తొమ్మిది వరసలు అదనంగా రాసింది. చక్రం ముందుకీ వెనక్కీ కొద్దికొద్దిగా ఊగుతుంటే పట్టించుకోకు, ఒకే వైపు గట్టిగా తిరిగితేనే పాటను కదిలించు అని వాటి సారం. ఎంత ఊపు వరకు పట్టించుకోకూడదో చెప్పడానికి ఒక అంకె ఉండాలి. మూడు అని పెట్టింది.

మర్నాడు అన్నయ్య రెండు పాటలు కలిపాడు. అతుకు తెలియలేదు. పిల్లాడిలా ఇల్లంతా తిరిగాడు. వదినను రెక్క పట్టుకుని లాక్కొచ్చి వినిపించాడు.

"నాకు గుర్తుంది," అంది వదిన. "ఆ రోజు నేను కూడా ఏడ్చాను." పిచ్చుక వైపు తిరిగింది. "ఆ అంకె ఇప్పటికీ మూడేనా?"

పిచ్చుక నేల చూపులు చూసింది.

"నిన్నే."

"నెలన్నర దాకా మూడే. తర్వాత పాట కాస్త ఊగుతున్నట్టు అనిపించింది. ఐదు చేశాను."

"ఎప్పుడు?"

"పదహారు రోజులైంది."

"తర్వాత?"

"మొన్న సోమవారం ఎనిమిది చేశాను."

వదిన కొంగు విప్పి మాత్రల్ని గట్టు మీద పెట్టింది. వేలితో మూడు పక్కకు జరిపింది. మిగిలిన పదహారింటి వైపు చూసింది.

"మాత్ర మానేసిన మూడు రోజులకి నువ్వు అంకె పెంచావు," అంది.

"జబ్బు ముదురుతోందనుకున్నాను వదినా. నీకు చెబితే కంగారు పడతావని..."

"జబ్బు ముదరలేదు. ఆయన మందు మానేశారు. నువ్వు బాగుందన్నావు కనక మానేశారు. మానేశారు కనక వణుకు పెరిగింది. పెరిగింది కనక నువ్వు అంకె పెంచావు. నువ్వు పెంచావు కనక ఆయనకి ఇంకా బాగున్నట్టుంది." వదిన గొంతు పెద్దదేం కాలేదు. "గోటితో పోయేదాన్ని గొడ్డలిదాకా తెచ్చారు కదే, అన్నాచెల్లెళ్ళిద్దరూ కలిసి."

"నేను మంచికే చేశాను."

"కాదని ఎవరన్నారు? మనిషి పడిపోకుండా పట్టుకుందామనుకున్నావు. కానీ పడుతున్నానని తెలియకపోతే ఆయన జాగ్రత్త ఎలా పడతారు? ఎనిమిది తర్వాత ఎంత చేస్తావు? పదహారా? ముప్ఫయ్యా?"

ముప్ఫై దగ్గర ఏమవుతుందో పిచ్చుకకు తెలుసు. అప్పుడు అన్నయ్య నిజంగా చక్రం తిప్పినా పాట కదలదు. అంతకన్నా ముందే ఒక రోజు ఆయన చెయ్యి ఏదో, వణుకు ఏదో ప్రోగ్రాముకు తెలియకుండా పోతుంది.

"ఇంకొకటుంది," అని లాప్‌టాప్ గట్టు మీద తెరిచింది. చెప్పే వేళ వచ్చినప్పుడు అన్నీ చెప్పేసుకోవాలి, సగం దాచుకుంటే అదే పుండవుతుంది.

ఇదే మిషన్ ఉన్నవాళ్ళు ఇంకెందరున్నారో అని పిచ్చుక తన ఫైలును ఆ సాఫ్ట్‌వేర్ రాసేవాళ్ళ ప్రాజెక్టుకు పంపింది. అక్కడ పంపినవాటిని పరీక్షించే పెద్దమనిషి పేరేమిటో ఎవరికీ తెలియదు. బొమ్మ స్థానంలో గుడ్లగూబ ఉంటుంది కనక అన్నాచెల్లెళ్ళకు ఆయన గుడ్లగూబ. తొమ్మిది వరసలు తీసేసి పంపాల్సింది. మరిచిపోయి వాటితో సహా పంపింది. ఆయన పట్టేశాడు. ఈ వరసలు దేనికి అని అడిగాడు. చక్రం పాతబడి దానంతటదే ఊగుతోంది అని పిచ్చుక రాసింది. ఆయన జవాబు నాలుగు రోజులుగా అలాగే ఉంది.

వదిన కళ్ళజోడు పెట్టుకుని చదివింది. 'నా దగ్గరా అదే మిషన్ ఉంది. పదేళ్ళయినా చక్రం ఊగడం లేదు. మీ దానికి కింద బేరింగు పోయుంటుంది. నా దగ్గర విడి చక్రం ఒకటి పడి ఉంది. చిరునామా ఇస్తే పోస్టులో పంపిస్తాను. ఈ తొమ్మిది వరసలు తీసేసిన ఫైలు పక్కన పెట్టాను. మీరు ఊ అంటే ఇవాళే అందరికీ వెళ్ళిపోతుంది.'

"పాపం, మంచాయన," అంది వదిన. "చక్రం పంపిస్తాడట. చెయ్యి ఒకటి పంపగలడేమో అడుగు."

అని నవ్వబోయింది. నవ్వు రాలేదు. కుళాయి గట్టిగా తిప్పి మొహం మీద నీళ్ళు కొట్టుకుంటూ చాలాసేపు అటే తిరిగి నిలబడింది. పిచ్చుక ఆమె వీపు మీద చెయ్యి వెయ్యబోయి, వెయ్యడానికి తనకేం మొహముందని వెనక్కి తీసుకుంది.

"నువ్వు చెప్తావా, నన్ను చెప్పమంటావా?" అంది వదిన చివరికి.

"నా వల్ల కాదు వదినా. ఆ తొమ్మిది వరసలు లేని ఫైలు వేసేస్తాను. ఒక్కసారి చెయ్యి పెడితే తనకే తెలుస్తుంది."

పిల్లి మెడలో గంట కట్టమంటే పిచ్చుక ఆ గంటను పిల్లి చేతికే ఇద్దామంది. ఇందులో తెలివి ఉందేమో కానీ ధైర్యం మాత్రం లేదు. అది వదినకూ తెలుసు. అయినా తల ఊపింది, ఎందుకంటే ఆమెకు కూడా ఆ మాట నోటితో అనాలని లేదు.

*

నాలుగున్నర దాటింది. అన్నయ్య గదిలో గోడలకు పాత దుప్పట్లు మేకులు కొట్టి ఉన్నాయి, చప్పుడు పక్కింటికి పోకుండా. తీగలు చుట్టలు చుట్టి, రంగు రంగు దారాలతో కట్టి, అరల్లో సర్ది ఉన్నాయి. ఆ చుట్టలన్నీ మూడు నెలల కిందటివి. ఈ మధ్య చుట్టినవి వదులుగా, ఒంకర్లు తిరిగి, కింది అరలో ఉన్నాయి. పిచ్చుక వాటిని ఈ రోజే చూసింది.

"కొత్త ఫైలు వేశానన్నయ్యా. ప్రాజెక్టువాళ్ళు ఒప్పుకున్నది. ఒకసారి చూడు."

"ఒప్పుకున్నారా!" అన్నయ్య మొహం విప్పారింది. "గుడ్లగూబంతటివాడు ఒప్పుకున్నాడంటే మాటలా? ఇక ప్రపంచంలో ఈ మిషన్ ఎవడి దగ్గరున్నా వాడు నీ ఫైలే వాడాలి. ఆదివారం హాల్లో అందరికీ చెప్తాను, ఇది మా చెల్లెలు రాసిందీ అని."

కుర్చీ ముందుకు లాక్కుని పాట మొదలుపెట్టాడు. రెండో పాటను చెవిలో వింటూ చక్రం అంచున రెండు వేళ్ళు ఆనించాడు.

పాట ఊగింది. తిన్నగా నడిచే మనిషి ఉన్నట్టుండి తూలినట్టు తూలింది.

వేళ్ళు తీశాడు. పాట నిలదొక్కుకుంది. మళ్ళీ పెట్టాడు. మళ్ళీ తూలింది. ఈసారి గట్టిగా నొక్కి పట్టుకున్నాడు. ఇంకా ఎక్కువ తూలింది.

అన్నయ్య పాట ఆపేశాడు. పిచ్చుక వేళ్ళు ఒకదానిలో ఒకటి బిగించుకుని నిలబడింది. ఇప్పుడు అడుగుతాడు. అరుస్తాడు. అరవనీ, పడతాను అనుకుంది.

అన్నయ్య కుర్చీ తిప్పి ఆమె వైపు చూసి నవ్వాడు.

"కంగారు పడకే," అన్నాడు. "నీ కొత్త ఫైల్లోనే ఏదో తేడా ఉంది. అంత పెద్ద పనిలో ఒక్క తప్పు దొర్లదా? పాతది బ్రహ్మాండంగా ఉంది. ఆదివారానికి అదే వేసెయ్. దీన్ని తీరిగ్గా చూసుకుందువుగాని. గుడ్లగూబతో చెప్పు, మా అన్న పరీక్ష చేశాడు, ఇంకా పనికిరాదన్నాడు అని. ఏంటే ఆ మొహం? ఇంతదానికే ఏడుస్తారా?"

తిట్లకు సిద్ధపడి వచ్చిన పిల్ల, ఓదార్పుకు సిద్ధపడి రాలేదు. సరే అన్నయ్యా అన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. అనేసేదే. ఆ ఒక్క మాట అనేస్తే ఆదివారం దాకా ఇల్లు హాయిగా ఉంటుంది.

"లేవండి ఒకసారి," అంది వదిన.

ఎప్పుడొచ్చిందో, చేతులు తుడుచుకుంటూ కుర్చీ వెనక నిలబడి ఉంది. పెళ్ళయి పద్నాలుగేళ్ళలో ఆమె ఆ మిషన్‌ను ముట్టుకోలేదు. దుమ్ము గుడ్డ తగిలినా అన్నయ్య ఇంటి కప్పు లేపేవాడు.

"ఎందుకు? నీకేం తెలుసు దీని సంగతి?"

"తెలియదనే లేవమంటున్నాను. పాట పెట్టండి."

ఏదో వేళాకోళం అనుకున్నాడు కాబోలు, నవ్వుతూనే లేచి పాట పెట్టాడు. వదిన కూర్చోలేదు. నిలబడే, ఆయన పెట్టిన చోటే చక్రం అంచున రెండు వేళ్ళు ఆనించింది.

పాట కదలలేదు. తిన్నగా సాగింది.

చాలాసేపు సాగింది. ఒక చరణం అయిపోయింది. వదిన వేళ్ళు అక్కడే ఉన్నాయి. మెల్లగా కొంచెం ముందుకు తోసింది. పాట కొంచెం తొందరపడింది. వదిలేసింది. పాట తన నడకలోకి తాను వచ్చింది.

"ఇది కొత్త ఫైలేనా?" అని అడిగాడు అన్నయ్య. అడిగింది వదినను కాదు.

"కొత్తదే," అంది పిచ్చుక.

"నువ్వేం మార్చలేదుగా ఇప్పుడు?"

"లేదు."

అన్నయ్య నవ్వు మొహం మీద కాసేపు అలాగే మిగిలిపోయింది, తీసెయ్యడం మరిచిపోయినట్టు. వదిన చక్రం మీంచి వేళ్ళు తీసి రెండు చేతులూ వెనక్కి పెట్టుకుంది. దొంగతనం చేసినదానిలా ఆమె తల దించుకోవడం పిచ్చుక అదే మొదటిసారి చూసింది.

"పాత ఫైల్లో ఏముంది?" అన్నాడు.

పిచ్చుక చెప్పింది. తొమ్మిది వరసలు. మూడు, ఐదు, ఎనిమిది. తలెత్తకుండా, గుక్క తిప్పుకోకుండా చెప్పింది.

"ఎప్పట్నుంచి?"

"మొదటి రోజు నుంచి. నోట్‌బుక్ రాసుకున్న రోజు."

అన్నయ్య గోడకున్న దుప్పటి వైపు చూస్తూ గుర్తు తెచ్చుకున్నాడు.

"ఏమైనా వచ్చిందా అని అడిగాను," అన్నాడు. "ఇంకా రాలేదన్నావు."

"అన్నాను."

అరవలేదు. ఆ గదిలో ఎవరూ అరవలేదు. అరిచి ఉంటే బాగుండేదని పిచ్చుక ఆ తర్వాత చాలా రోజులు అనుకుంది.

"ఆ తెర పెట్టు," అన్నాడు అన్నయ్య. "అంకెలొచ్చేది."

"ఇప్పుడెందుకండీ," అంది వదిన. "ముందు మాత్ర వేసుకోండి. డాక్టరు దగ్గరికి రేపు..."

"పెట్టవే."

పిచ్చుక లాప్‌టాప్ ఆయన వైపు తిప్పింది. అంకెల తెర ఖాళీగా ఉంది. అన్నయ్య కుర్చీలో సర్దుకుని కూర్చున్నాడు, పరీక్ష రాయబోయేవాడిలా. కుడిచెయ్యి చక్రం మీద పెట్టాడు. ఆ రోజు చక్రం వైపు చూశాడు. ఈ రోజు తెర వైపు చూశాడు.

అరవై ఐదు. అరవై మూడు. అరవై ఐదు. అరవై మూడు.

ఎడమచేత్తో కుడి మణికట్టు పట్టుకున్నాడు. అరవై ఐదు. అరవై మూడు. ఊపిరి బిగబట్టాడు. వరసలు కిందినుంచి పైకి పోతూనే ఉన్నాయి. పై అంచు చేరినవి మాయమవుతున్నాయి, కింద కొత్తవి పడుతున్నాయి.

"నేను తిప్పట్లేదు కదే?" అన్నాడు చాలా మెల్లగా.

"లేదన్నయ్యా."

బల్ల మీద ఫోను మోగింది. గోడ గడియారం ఐదు చూపిస్తోంది. ఫోను తెర మీద హాలాయన పేరు. వదిన ఫోను చేతిలోకి తీసుకుని, ఎత్తనా వద్దా అన్నట్టు ఆయన వైపు చూసింది.

"ఉండు," అన్నాడు అన్నయ్య, అంకెల మీంచి కళ్ళు తిప్పకుండా. "ఇది ఆగనీ. ఆగాక నేనే మాట్లాడతాను."

ఫోను మోగి మోగి ఊరుకుంది. అన్నయ్య చెయ్యి ఇంకా చక్రం మీదే ఉంది.